కాకి, తాటిపండు, గేమ్ క్యాసెట్

వీడియో గేములు ఏం నేర్పుతాయని అడిగితే జవాబులు రెండు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లు "ఏం నేర్పుతాయి, కళ్లు పోతాయి" అంటారు. గేములు అమ్ముకునేవాళ్లు ఏకాగ్రత, నాయకత్వం, జట్టు స్ఫూర్తి అంటూ చిట్టా విప్పుతారు. నాకు రెండూ రుచించవు. గేము నేర్పేవి చాలా చిన్న సంగతులు. అందులో సగం పిచ్చివి కూడా. పిచ్చివీ పనికొచ్చేవీ మొలిచేది మాత్రం ఒకే విత్తనంలోంచి. ఏం చేస్తే ఏమైందో గేము దాచకుండా చూపిస్తే పనికొచ్చే పాఠం వస్తుంది. దాచిందంటే మూఢనమ్మకం వస్తుంది.

మూఢనమ్మకాల్లో పెద్దన్న నుంచే మొదలుపెడదాం. 1990ల్లో మన ఊళ్లలో "టీవీ గేము" అంటే చాలావరకు నింటెండో వాళ్ల ఫ్యామికామ్‌కి నకలు. అసలుది జపాన్‌లో 1983లో వచ్చింది, నకలు మన సంతల్లోకి వచ్చేసరికి దశాబ్దం గడిచింది. పైన ఒక గాడి, అందులో గుచ్చే క్యాసెట్, రెండు రిమోట్లు, కొన్నిటికి ఒక తుపాకీ. క్యాసెట్ మీద "9999999 ఇన్ 1" అని ఉంటుంది. మెనూలో కిందికి దిగుతూ పోతే అదే మారియో, అదే కాంట్రా, కాకపోతే ఒకసారి రెండో స్టేజి నుంచి, ఇంకోసారి నాలుగో స్టేజి నుంచి. డబ్బా మీద అంకెకీ లోపలి సరుక్కీ సంబంధం ఉండనక్కర్లేదన్న పాఠం పిల్లలకి అంత చవగ్గా ఇంకెక్కడా దొరకదు.

తెర మీద చారలు పడితే ఏం చేయాలో అందరికీ తెలుసు. క్యాసెట్ పీకు, గట్టిగా ఊదు, మళ్లీ పెట్టు. పని చేసేది. హైదరాబాద్‌లోనైనా హ్యూస్టన్‌లోనైనా పిల్లలు ఇదే చేశారు, ఎవరూ ఎవరికీ నేర్పకుండానే. నిజానికి పని చేసింది ఊదడం కాదు, పీకి మళ్లీ పెట్టడం. క్యాసెట్ అంచున పక్కకి 30 చొప్పున 60 రాగి పట్టీలుంటాయి. వాటి మీద మురికీ తుప్పూ సన్నటి పొరగా పేరుకుంటాయి. పీకి పెట్టినప్పుడు గాడిలోని పిన్నులు ఆ పొరని గీకుతాయి, మొదటిసారి అందని పట్టీ రెండోసారి అందుతుంది. ఊపిరిలో ఉండేది తేమ. అది పట్టీల మీద పడి తుప్పుని ఇంకా పెంచుతుంది. అంటే ఈ రోజు పని చేయించామనుకున్న పనే వచ్చే నెల పాడవడానికి కారణం.

పాత డబ్బా ఇంకా అటక మీద ఉన్నవాళ్ల కోసం సరైన పద్ధతి ఇది. కరెంటు తీసేయండి. ఎలక్ట్రానిక్స్ సామాన్ల షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరుకుతుంది. ఇయర్‌బడ్‌ని అందులో ముంచి, కారకుండా పిండి, పట్టీల మీద పై నుంచి కిందికి రుద్దండి. దూది నల్లగా వస్తుంది. నల్లదనం ఆగేదాకా బడ్ మారుస్తూ పోవాలి, సాధారణంగా నాలుగైదు సరిపోతాయి. పది నిమిషాలు ఆరనివ్వండి. ఉప్పు కాగితంతో గీకితే పట్టీ పైపూత పోతుంది, ఆ తర్వాత తుప్పు ఇంకా త్వరగా పడుతుంది. ఒక్క క్యాసెట్టే మొరాయిస్తుంటే లోపం దానిది. అన్నీ మొరాయిస్తుంటే గాడిలో పిన్నులు వదులయ్యాయి, క్యాసెట్లని ఎంత తుడిచినా లాభం లేదు. ఈ చివరి వాక్యంలో ఉన్న ఆలోచన, అంటే ఒక్కటే పాడా అన్నీ పాడా అని ముందు విడదీసి చూడటం, ఇంట్లో ఫ్యాను ఆగినా వైఫై పోయినా అక్కరకొస్తుంది. ఊదేవాళ్లకి ఆ పాఠం అందలేదు. ఊదడం "పని చేసింది" కదా.

దీనికి మన దగ్గర వందల ఏళ్లుగా పేరుంది, కాకతాళీయం అని. కాకి వాలింది, తాటిపండు రాలింది. 1948లో బి.ఎఫ్. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆకలిగా ఉన్న పావురాలకి, అవి ఏం చేస్తున్నాయన్నదానితో నిమిత్తం లేకుండా, కొన్ని సెకన్లకోసారి గింజలు వేయించాడు. ఎనిమిదింటిలో ఆరు పావురాలు ఏదో ఒక తంతు మొదలెట్టాయి. ఒకటి గుండ్రంగా తిరగడం, ఇంకొకటి తలని పెట్టె మూలకి విసరడం. గింజ పడే ముందు ఏం చేస్తూ ఉందో అదే గింజకి కారణమని పావురం నమ్మినట్టుందని ఆయన రాశాడు. రిమోట్ బటన్ గట్టిగా నొక్కితే మారియో ఇంకా ఎత్తు ఎగురుతాడని నమ్మే మనిషి ఆ పావురానికి దగ్గరి చుట్టం. (ఎంత గట్టిగా అన్నది లెక్కలోకి రాదు. ఎంతసేపు నొక్కి ఉంచామన్నది వస్తుంది. గట్టిగా నొక్కేవాడి వేలు ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి నమ్మకం నిలబడింది.) తెర మీద కారు మలుపు తిరిగితే ఒళ్లంతా పక్కకి వంచడం కూడా ఇదే కులం.

ఇక రెండో వైపు. సందుల్లో దెయ్యాల్ని తప్పించుకుంటూ తిరిగే ప్యాక్‌మ్యాన్‌ని నామ్కో సంస్థ 1980లో తెచ్చింది. కొత్తగా ఆడేవాడికి నాలుగు దెయ్యాలూ పగబట్టి ఇష్టమొచ్చినట్టు వెంటపడుతున్నట్టే ఉంటుంది. కానీ ఒక్కోదానికి ఒక్కో నియమం. ఎర్రది మనం ఉన్న గడికే వస్తుంది. గులాబీది మనం ఏ దిక్కుకి వెళ్తున్నామో ఆ దిక్కున నాలుగు గడుల ముందుకి గురి పెడుతుంది. అందుకే ఎర్రదానికీ దానికీ మధ్య ఇరుక్కుంటాం. నారింజ రంగుది ఎనిమిది గడుల కంటే దూరంగా ఉంటే తరుముతుంది, దగ్గరికొస్తే వెనక్కి తగ్గి ఎడమ వైపు కింది మూలకి పోతుంది. నీలిది మన స్థానాన్నీ ఎర్రదాని స్థానాన్నీ కలిపి లెక్క కడుతుంది, కాబట్టి ఎర్రది దూరంగా ఉన్నప్పుడు నీలిది ఎటు వస్తుందో చెప్పడం కష్టం. మొదటి లెవెల్లో ఇవన్నీ ముందు 7 సెకన్లు తమ తమ మూలలకి పోతాయి, తర్వాత 20 సెకన్లు తరుముతాయి, మళ్లీ 7, మళ్లీ 20. నాలుగూ ఒక్కసారిగా వెనక్కి తిరిగాయంటే వంతు మారిందని అర్థం.

ఇది తెలిశాక గులాబీది ఎదురొస్తే పారిపోరు. దాని మీదికే నడుస్తారు. మధ్య దూరం నాలుగు గడుల లోపుకొచ్చేసరికి అది గురి పెట్టే గడి దాని వీపు వెనక్కి పోతుంది. దారిలో పక్క సందు ఉంటే అది అటు మళ్లుతుంది. సందు లేని చోట ఈ సాహసం చేస్తే ప్రాణం పోతుంది, ఇది ముందే చూసుకోవాలి. పగబట్టినట్టు కనిపించే ప్రతిదానికీ పగ ఉండదు, పట్టిక ఉంటుంది అన్నది ఇక్కడ దొరికే పాఠం. సిగ్నల్ దగ్గరైనా సర్కారు ఆఫీసులోనైనా ఆ పట్టిక ఎవరి దగ్గరుందో కనుక్కోవడమే అసలు పని.

నా ఉద్దేశంలో అన్నిటికంటే ఎక్కువ నేర్పే గేము 1999లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2. ఇంజనీరింగ్ హాస్టళ్ల ల్యాన్ వైర్ల మీద ఒక తరాన్ని మేపింది. ఇప్పటికీ కొత్త కూర్పులతో బతికే ఉంది. యుద్ధం గేము అంటారు గానీ గెలుపోటములు చాలాసార్లు కత్తి దూయక ముందే తేలిపోతాయి.

మామూలుగా ఆట మొదలైనప్పుడు చేతిలో ముగ్గురు పనివాళ్లు, ఒక గుర్రపు వేగు, 200 ఆహారం, 200 కలప, 100 బంగారం, 200 రాయి. ఒక పనివాడికి 50 ఆహారం, తయారవడానికి 25 సెకన్లు. అంటే ఉన్న ఆహారంతో నలుగురు, 100 సెకన్లు. ఆ 100 సెకన్లలోపు గొర్రె మాంసం రావడం మొదలు కాకపోతే, పనివాళ్లని తయారు చేసే టౌన్ సెంటర్ పని ఆగిపోతుంది. అంతకంటే ముందే ఇంకో గుంట ఉంది. మొదట్లో ఐదుగురికే చోటు, ఉన్నది నలుగురు. ఒక్కడు పుట్టగానే నిండిపోతుంది. కాబట్టి మొదటి క్షణంలోనే ఇద్దరు పనివాళ్లని 25 కలప పెట్టి ఇల్లు కట్టడానికి పంపాలి, ఇంటికి ఐదుగురు పడతారు. గొర్రెల్ని ఒకేసారి అన్నీ కోయకూడదు. కోసిన మాంసం కుళ్లిపోతూ ఉంటుంది, గొర్రెకి 100 చొప్పున రావాల్సింది తగ్గిపోతుంది. ఒకటి అయ్యాక ఒకటి, అదీ టౌన్ సెంటర్ గోడ పక్కనే, మోసుకొచ్చే నడక మిగులుతుంది.

తర్వాత అడవిపంది. 340 ఆహారం, దాని కోసమే ఈ తిప్పలు. ఒక పనివాడు వెళ్లి బాణం వేసి, అది మీదికి రాగానే టౌన్ సెంటర్ వైపు పరిగెత్తాలి. గొర్రె దగ్గరున్న మిగతావాళ్లంతా అది రాగానే దాని మీద పడాలి. ఇక్కడ జరిగే తప్పు ఎప్పుడూ ఒకటే. పంది కదిలిందో లేదో చూడకుండా వెనక్కి పరిగెత్తడం, లేదా అది మీద పడ్డాక కూడా ఇంకో బాణం కోసం నిలబడటం. పనివాడి ప్రాణం 25, నాలుగైదు పోట్లకి అయిపోతుంది. భయమైతే 50 బంగారం పెట్టి లూమ్ అనే మెరుగుదల కొంటే ప్రాణం 15 పెరుగుతుంది. కానీ అది కొంటున్నంతసేపూ టౌన్ సెంటర్ పనివాళ్లని తయారు చేయదు.

అసలు కీలకం అదే, టౌన్ సెంటర్ ఖాళీగా ఉండకూడదు. ఆట మొదటి పది నిమిషాల్లో అది అక్కడో ఇక్కడో కలిపి రెండు నిమిషాలు ఖాళీగా ఉందనుకోండి. దాదాపు ఐదుగురు పనివాళ్లు తక్కువ. ఒక్కొక్కరు నిమిషానికి సుమారు 20 తెస్తారు, ఐదుగురికి 100. ఆ నష్టం అప్పటితో ఆగదు, ప్రతి నిమిషం కొనసాగుతుంది. ఓడినవాడేమో "వాడి గుర్రాలు బలమైనవి" అనుకుంటాడు. గుర్రాలు సమానమే, వాడికి ఇంకో ఎనిమిది గుర్రాలు ఎక్కువ ఉన్నాయి. టిఫిన్ సెంటర్ నడిపేవాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దున ఎనిమిదింటికి మాస్టరు ఉల్లిపాయలు తరుగుతూ పెనం ఖాళీగా ఉంచాడంటే, తొమ్మిదింటికి ఎంత చేతివాటం చూపించినా ఆ దోసెలు తిరిగి రావు.

దీనికి అవతలి కొస కూడా ఉంది. కొత్తవాళ్లు తెర మూలలో 2,000 కలప, 1,500 ఆహారం కనబడితే మురిసిపోతారు. తెలిసినవాళ్లకి అది తప్పుల పట్టిక. ఖర్చు కాని కలప అంటే కట్టని కొట్టాలు, వేయని పొలాలు. నిల్వ ఎక్కువ ఉన్నవాడు బాగా ఆడుతున్నట్టు కాదు, నిర్ణయాలు తీసుకోవడంలో వెనకబడ్డట్టు.

అయితే రెండు జట్లు తుపాకులతో తలపడే కౌంటర్ స్ట్రైక్ 1.6 సరిగ్గా ఉల్టా నేర్పుతుంది. అందుకే పాఠాన్ని గేము నుంచి ఊడబీకి గోడకి తగిలించడం నాకు ఇష్టం ఉండదు. ఇక్కడ 800 డాలర్లతో మొదలవుతాం. ఏకే తుపాకీ 2,500. కవచం 650, శిరస్త్రాణంతో కలిపి 1,000. మొదటి రౌండు డబ్బంతా పెట్టి ఓడితే ఓదార్పుగా 1,400 వస్తుంది. ఆ 1,400తో ఏదో ఒక తుపాకీ కొని మళ్లీ ఓడిపోవడం కొత్తవాళ్ల దారి. మన సామెతలో చెప్పాలంటే అప్పు చేసి పప్పుకూడు. ఏమీ కొనకుండా ఆ రౌండు వదిలేస్తే, రెండో ఓటమికి 1,900 కలిసి 3,300 అవుతుంది, ఏకే, కవచం వస్తాయి. ఇంకో రౌండు ఓపిక పడితే 2,400 కలిసి 5,700, ఇక అన్నీ వస్తాయి.

కానీ ఇందులో మెలిక, ఐదుగురూ కలిసే వదిలేయాలి. నలుగురు దాచుకుని ఒక్కడు కొంటే, వాడు ఒంటరిగా పోయి చచ్చి తుపాకీని శత్రువుకి దానం చేస్తాడు, తర్వాతి రౌండులో నలుగురి దగ్గర ఏకేలు, వాడి దగ్గర పిస్తోలు. జట్టు స్ఫూర్తి అనే పెద్ద మాట వెనక నిజంగా ఉండేది ఇదే, "ఈ రౌండు ఎవరూ కొనొద్దు" అని చెప్పే ఒక గొంతు, దాన్ని వినే నలుగురు. బాంబు నిర్వీర్యం చేయడానికి 10 సెకన్లు, 200 పెట్టి కిట్ కొంటే 5 సెకన్లు అన్న లెక్క కూడా అందరికీ తెలుసు. మూడు సెకన్లు తక్కువై పేలిపోయిన రోజే దాన్ని కొనడం అలవాటవుతుంది.

మైన్‌స్వీపర్‌ని గేముగా గుర్తించని వాళ్లు చాలామంది. విండోస్‌తో పాటు ఆఫీసు కంప్యూటర్లలోకి వచ్చింది కాబట్టి గౌరవం దక్కలేదు. కష్టమైన స్థాయిలో 480 గడులు, 99 మందుపాతరలు, అంటే దాదాపు అయిదింటికొకటి. తెరిచిన గడిలోని అంకె, దాని చుట్టూ ఉన్న గడుల్లో ఎన్ని పాతరలున్నాయో చెబుతుంది. ఆ అంకెల్లో ఒక వరస చూద్దాం. తెరవని గడుల సరళ రేఖ, దాని కింద తెరిచిన గడుల్లో వరసగా 1, 2, 1. రెండు పక్కల 1ల పైనున్న గడుల్లో పాతరలు, మధ్యలో 2 పైనున్న గడి క్షేమం. ఎందుకంటే, ఒకవేళ మధ్య గడిలోనే పాతర ఉంటే రెండు 1లకీ లెక్క అక్కడితో సరిపోయింది, వాటి పక్క గడుల్లో ఇంక ఉండకూడదు. అప్పుడు 2కి ఒక్కటే మిగులుతుంది, లెక్క తప్పింది. కాబట్టి మధ్యలో లేదు. "ఉందనుకుందాం, ఏమవుతుందో చూద్దాం" అనే ఈ పద్ధతిని పదో తరగతిలో రూట్ 2 కరణీయమని నిరూపించడానికి బల్ల మీద బాది నేర్పుతారు. ఇక్కడ ఎవరూ బాదరు, పేలుతుంది అంతే.

దీంట్లో నాకు నచ్చేది ఇంకొకటి. కొన్ని మూలల్లో రెండు గడులు మిగిలి, ఏది పాతరో ఏ లెక్కతోనూ తేలదు. చివర్లో మిగిలిన పాతరల సంఖ్య ఒకోసారి తేలుస్తుంది. అది కూడా తేల్చదని ఖాయమైతే ఆ గుడ్డి పందెం వెంటనే కాయాలి. మిగతా బోర్డంతా పది నిమిషాలు కష్టపడి శుభ్రం చేసి, ఆఖరికి అక్కడికొచ్చి పేలిపోవడం కన్నా ఇప్పుడే పేలితే పది నిమిషాలు మిగులుతాయి. మనవాళ్లు పెళ్లి సంబంధాల్లో జాతకాలు కలవవేమో అన్న అనుమానాన్ని ఆఖరి దాకా లాగి, మంటపం అడ్వాన్సు ఇచ్చాక తీస్తారు.

ఇక గేములు అబద్ధాలాడే చోటు. ఫైర్ ఎంబ్లెమ్ అనే జపాన్ యుద్ధ వ్యూహాల వరసలో, 2002లో వచ్చిన ఆరో గేము నుంచి చాలావాటిలో, దెబ్బ తగిలే అవకాశం 90 శాతం అని తెర మీద రాస్తుంది. లోపల ఒక యాదృచ్ఛిక సంఖ్య కాకుండా రెండు తీసి సగటు చూస్తుంది. దాంతో అసలు అవకాశం 98 శాతం అవుతుంది. 10 శాతం అన్నది దాదాపు 2కి పడిపోతుంది. ఎందుకీ మాయ అంటే, 90 శాతం అన్నాక పదిలో ఒకసారి గురి తప్పితే మనుషులకి మోసంలా అనిపిస్తుంది. మన ఊహకి సరిపోయేలా లెక్కని వంచారు. అలా వంచిన లెక్కతో పెరిగినవాడు వాతావరణ శాఖ "వానకి 90 శాతం అవకాశం" అంటే గొడుగుతో బయల్దేరి, వాన పడకపోతే శాఖని తిడతాడు.

దీనికి రెండో రూపం ఫోన్లలో డబ్బు పెట్టి తెరిచే బహుమతి పెట్టెలు. "అరుదైన వస్తువుకి 1 శాతం అవకాశం" అని ఉంటే 100 సార్లు తెరిస్తే వచ్చేస్తుందనుకుంటాం. 100 సార్లలో ఒక్కసారైనా వచ్చే అవకాశం 63 శాతమే. వందమందిలో 37 మంది ఉత్త చేతులతో వెనక్కి వస్తారు. 90 శాతం భరోసా కావాలంటే 230 సార్లు తెరవాలి. 300 సార్లు తెరిచినా వందకి అయిదుగురికి రాదు. ఆ అయిదుగురూ "ఇన్ని పెట్టాక ఇప్పుడు ఆపితే ఎలా" అంటూ మళ్లీ తెరిచేవాళ్లే. పెట్టెకి జ్ఞాపకం ఉండదు, పోయిన 300 దానికి తెలియదు. కొన్ని గేములు ఇన్నిసార్లకి ఖాయంగా ఇస్తామని హద్దు రాస్తాయి. హద్దు రాయనిదానికి పైసా పెట్టకూడదు, రాసినదానికి ఆ హద్దుని రూపాయల్లోకి మార్చి చూసుకున్నాకే పెట్టాలి. డబ్బు పందెం ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించడానికి వెనక ఉన్నది కూడా ఇదే గుంజాటన.

మరి ఇవన్నీ గేము బయట పనికొస్తాయా? 2003లో నేచర్ పత్రికలో గ్రీన్, బవేలియర్ అనే ఇద్దరు, వేగంగా కాల్చే గేములు ఆడితే చూపుతో ఒకేసారి ఎక్కువ వస్తువుల్ని గమనించగలరని చూపించారు. 2007లో అమెరికాలో 33 మంది సర్జన్ల మీద చేసిన ఒక పరిశీలనలో, గతంలో వారానికి 3 గంటలకి మించి గేములు ఆడినవాళ్లు, చిన్న రంధ్రంలోంచి చేసే ఆపరేషన్ల సాధనలో, అసలు ఆడనివాళ్లకన్నా 37 శాతం తక్కువ తప్పులు చేశారు, 27 శాతం వేగంగా ముగించారు. గేములు అమ్మేవాళ్లు ఈ రెండో అంకెల్ని బాగా వాడతారు. గేములు ఆడటం వల్ల చేయి కుదిరిందా, చేయి కుదురున్నవాళ్లే గేముల్లో గెలిచి ఎక్కువ ఆడారా? కాకీ తాటిపండే మళ్లీ. తెర చూస్తూ చేతులు కదపడం సాధన చేస్తే తెర చూస్తూ చేతులు కదపడం వస్తుంది, అంతవరకు నమ్ముతాను. దాంతో లెక్కల్లో మార్కులు పెరుగుతాయనో మతిమరుపు పోతుందనో అంటే నమ్మను. మెదడుకి పదును పెడతామని గేములు అమ్మిన లుమోసిటీ సంస్థ, రుజువు లేని ప్రకటనల కేసులో 2016లో అమెరికా ప్రభుత్వ సంస్థకి 20 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది.

మిగిలిన పిచ్చి పాఠాలు గబగబా. ఎర్ర పీపా కనిపిస్తే పేలుతుంది. కారుకి రంగు మార్చేస్తే పోలీసులు మరిచిపోతారు. పరాయి ఇంట్లోకి దూరి కుండలు పగలగొడితే యజమాని పలకరించి కబుర్లు చెబుతాడు. 2002 నాటి వైస్ సిటీ గేములో హీరో ఊరంతా తగలబెట్టగలడు, నడుం లోతు నీళ్లలో దిగితే మాత్రం చచ్చిపోతాడు, ఈత రాదు. ఇవి ఎవరినీ చెడగొట్టలేదు, ఎందుకంటే ఇంటి బయటికి అడుగు పెట్టగానే అబద్ధమని తేలిపోతాయి.

పిచ్చిదో పనికొచ్చేదో తేల్చలేని అలవాటు ఒకటి ఉంది, మందులు దాచడం. కత్తులూ రాక్షసులూ ఉండే ఏ గేములోనైనా ప్రాణం నింపే సీసాలు దొరుకుతాయి. "ఆఖర్లో పెద్ద రాక్షసుడికి పనికొస్తాయి" అని దాచి, దారిలో చిన్నవాళ్ల చేతిలో పదిసార్లు చచ్చి, చివరికి పెద్ద రాక్షసుణ్ని కూడా ఒక్క సీసా ముట్టకుండా చంపి, నిండు సంచితో ఆట ముగిస్తారు. అమ్మమ్మ ఇంట్లో చుట్టాలొస్తే తీద్దామని దాచిన కొత్త దుప్పట్లు మడతల దగ్గర చిరిగిపోయినట్టు. ఎన్ని దాచాలో అంచనా వేయడం కష్టమే గానీ, ఎప్పుడు తాగాలో చెప్పే గుర్తు మాత్రం గేములోనే ఉంది. సంచిలో పది సీసాలకే చోటున్నప్పుడు పదకొండోది నేల మీద కనబడి తీసుకోలేకపోయారంటే, ఒక సీసా అప్పటికే పారబోసినట్టు. ప్రాణం సగమే తగ్గి ఉన్నా సరే, అక్కడే నిలబడి ఒకటి తాగేసి కిందున్నది తీసుకోవాలి.